దవడపన్ను పీకించుకునే ముందు

బైరెడ్డిపల్లెలో చెనక్కాయ గింజ కొరకగానే దవడపన్ను జివ్వుమంటే చాలామంది లవంగం అదిమిపెట్టి ఊరుకుంటారు. నొప్పి తగ్గుతుంది. పుచ్చు మాత్రం లోపల తొలుచుకుంటూనే పోతుంది.

నరం దాకా చేరకపోతే ఫిల్లింగుతోనే పన్నును నిలబెట్టుకోవచ్చు. డాక్టరు పుచ్చిన భాగం తొలగించి, ఉమ్మి తగలకుండా ఆరబెట్టి, పంటి రంగు కాంపోజిట్‌ను సాధారణంగా 2 మిల్లీమీటర్లకు మించని పొరలుగా నింపుతారు. ప్రతి పొరనూ నీలికాంతితో గట్టిపరుస్తారు. చివర్లో పంటి మీది గట్లు, గాళ్లు చెక్కి, రంగు కాగితం కొరికించి ఎత్తు సరిచూస్తారు. అసలు పనితనమంతా ఆ చెక్కడంలోనే!

ఈ కాంపోజిట్‌కు మూలమైన రెసిన్‌కు అమెరికా శాస్త్రవేత్త రాఫెల్ బోవెన్ 1962లో పేటెంటు పొందారు. ఇదే పనికి పెట్టే, పాదరసం కలిసే సిల్వర్ ఫిల్లింగుల వాడకాన్ని తగ్గించాలని 2013 నాటి మినమాటా అంతర్జాతీయ ఒప్పందం చెప్పింది.

చల్లనీళ్లకు పన్ను జివ్వుమంటోందా? ఆలస్యం చేయకుండా పలమనేరో కుప్పమో వెళ్లి చూపించుకోండి.