మూయబడు ద్వారము

కోతలు, నూర్పిళ్లు ముగిసి ధాన్యము ఇల్లు చేరిన తరువాత నాలుగు దినములు ఎక్కడికైనను పోయి రావలెనని కోరుట తప్పు కాదు. ఏడాది పొడవున బురదలోను ఎండలోను నిలిచిన శరీరమునకు చల్లని కొండగాలి కావలెను. ఆ కోరిక పేదవానికి తగదని ఎవరు చెప్పినను నమ్మకుడి. అయితే ప్రయాణము తలపెట్టినప్పుడు మనము డబ్బు లెక్క వేసికొందుము, దినముల లెక్క వేసికొందుము. మూడవ లెక్క ఒకటి కలదు. దానిని గూర్చియే ఈ నాలుగు మాటలు.

కేరళలోని మున్నారు పట్టణమును తీసికొందము. ఆలువా స్టేషనులో రైలు దిగి సుమారు 110 కిలోమీటర్లు బస్సులో కొండ ఎక్కవలెను. ఆ పట్టణమునకు సమీపముననే ఇరవికుళం జాతీయవనము కలదు. 1975లో అభయారణ్యముగాను, 1978లో జాతీయవనముగాను అది ప్రకటింపబడెను. హిమాలయములకు దక్షిణమున అన్నిటికంటె ఎత్తయిన ఆనముడి శిఖరము, 2,695 మీటర్లది, దాని హద్దులలోనే నిలిచియున్నది. అక్కడి రాతివాలులమీద వరయాడు అను కొండమేక బ్రదుకుచున్నది. కేరళ, తమిళనాడు కొండలలో తప్ప ఈ జాతి లోకములో మరి యే అడవిలోను లేదు. అందులోను అన్నిటికంటె ఎక్కువ సంఖ్యలో ఒకచోట మేయునది ఇరవికుళములోనే.

ఆ మేకలు చలికాలము చివర ఈనును. అందుచేత ఫిబ్రవరి, మార్చి నెలలలో అటవీశాఖవారు సాధారణముగా వనద్వారము మూసివేయుదురు. మనకు తీరిక దొరకు కాలమును సరిగా అదే. సంక్రాంతి దాటి చేతిలో రెండు రూపాయలాడు దినములు. అంతదూరము పోయి మూసిన ద్వారము చూచినవాడు, నాలుగు మేకలకొరకు ఇంతమందిని ఆపవలెనా అని సణుగుకొనును.

దీని జవాబు మీకు తెలిసినంతగా పట్టణవాసికి తెలియదు. మీ పాకలో మేక ఈనిననాడు ఊరిపిల్లలను ఆ గుమ్మము దగ్గరికి రానిత్తురా? బెదరిన తల్లి పిల్లను దగ్గరికి రానియ్యదని మీకు ఒకరు చెప్పనక్కరలేదు. మోషే ధర్మశాస్త్రము సహితము గూటిలోని తల్లిపక్షిని పిల్లలతో కూడ పట్టుకొనుట నిషేధించినది. విశ్రాంతి దినమును యజమానునితోపాటు దాసికిని, ఎద్దునకును, గాడిదకును నియమించినది. అనగా ఒకని విశ్రాంతి మరియొకని విశ్రాంతిని మింగకూడదు. నేను చెప్పిన మూడవ లెక్క ఇదే: నేను విశ్రమించునప్పుడు నా భారమును ఎవరు మోయుచున్నారు?

ఈ లెక్క మేకలతో ముగియదు. మున్నారు వాలులను పచ్చగా పరచినవి తేయాకు తోటలు. ఆ ఆకు కోయు స్త్రీలు 2015లో బోనసు కొరకును కూలి కొరకును పని మాని రోడ్డుమీద కూర్చుండిరి. 2020 ఆగస్టు 6వ తేదీ రాత్రి, ఆ ప్రాంతముననే పెట్టిముడిలో కొండచరియ విరిగి కూలివారి ఇండ్లవరుసలమీద పడగా 70 మంది నశించిరి. మనకు చూడముచ్చటైన ఆ వాలు క్రిందనే వారు బిడ్డలను నిద్రపుచ్చుచున్నారు. కాబట్టి ఆకు కోయుచున్న తల్లి ఫొటో తీయువాడు ముందుగా ఆమెను అడుగవలెను గదా.

ఇక మన బస్సులోనికి చూతము. బస ఖర్చు తగ్గించుటకు రాత్రియంతయు ప్రయాణము చేయుదుము. మనము నిద్రపోవుదుము, డ్రైవరు నిద్రపోడు. మరునాడు ఆ ఘాట్‌రోడ్డు మలుపులలో బస్సు నడుపవలసినవాడు అతడే. మిగిలిన ఆ బాడుగ డబ్బు అతని నిద్రలోనుండి తీసినది. ఆ నిద్రమీద నలుబది ప్రాణములు ఆధారపడియున్నవి. బియ్యము, పొయ్యి, గిన్నెలు కూడ మోసికొనిపోదుము. పురుషులు కొండ చూచి వచ్చుసరికి స్త్రీలు అంట్లు తోముచుందురు. ఇంటివద్ద మన గేదెలను పొరుగువాడు తన గేదెలతోపాటు మేపుచుండును.

ఇంత ఆలోచించినయెడల ఎవరును ఇల్లు కదలలేరని కొందరందురు. అట్లు కాదు. మున్నారులో అనేక కుటుంబములు యాత్రికుల రాకవలననే బ్రదుకుచున్నవి. మనము పోకుండుట వారికి మేలు కాదు. ఎవరికిని భారము కాని విశ్రాంతి ఈ లోకములో అరుదు గాని, భారమును పంచుకొనుట మన చేతిలోనే యున్నది. ఏప్రిల్‌లో ద్వారము తెరచిన తరువాత పొండి. తల్లుల వెంట పిల్లలు గంతులు వేయుట అప్పుడు చూడవచ్చును. ఒక రాత్రి బాడుగ అధికమైనను డ్రైవరును పండుకొననియ్యుడి. రెండు పూటలు హోటలులో తినుడి, లేదా పురుషులే గరిటె పట్టుడి. గేదెలు చూచువానికి ముందుగానే అతని కష్టమునకు తగినది ఇయ్యుడి. ఆ కొండలలో నీలకురింజి 12 ఏండ్లకొకసారి పూయును. 2018లో పూచినది, మరల 2030లో పూయవలెను. దానికొరకు కాచియుండువారు రెండు నెలలు మేకలకొరకు కాచియుండలేరా?

ఈసారి ప్రయాణపు పట్టీ వ్రాయునప్పుడు రూపాయల వరుస ప్రక్కన మరియొక వరుస వ్రాయుడి. మీరు విశ్రమించు దినములలో మీకొరకు పని చేయువారి పేర్లు అందులో ఉండవలెను.