త్రాడు కట్టు చోటు

జహీరాబాదు నల్లరేగడిలో వానకాలమున బండ్లు దిగబడుట మీకు తెలిసినదే. వాటిని లాగుటకు కొందరు జీపు వెనుక ట్రైలరు తగిలించు ఇనుప గుండుకు మోకు వేయుదురు. ఆ గుండు నెమ్మదిగా సాగు ట్రైలరుకే చేయబడినది. బురదనుండి ఊడబెరుకు కుదుపునకు అది విరిగి, ఫిరంగిగుండువలె ఎగిరి మనుష్యులను చంపగలదు. చట్రమునకు బిగించిన గట్టి కొక్కెమునకే కట్టవలెను. ట్రాక్టరైనచో వెనుక ఇరుసుకంటె క్రిందనున్న కడ్డీకే. పైన కట్టినయెడల ముందు చక్రములు లేచి నడుపువానిమీదనే తిరుగబడును.

యిర్మీయా 38వ అధ్యాయము చూడుడి. ఎబెద్మెలెకుకు 30 మంది తోడుండిరి; బలమునకు కొదువ లేదు. గోతి బురదలో ప్రవక్త ఆకలితో చావనైయున్నాడు. అయినను అతడు మొదట రాజగృహములో చింకిగుడ్డలు వెదకి, చంకల క్రింద పెట్టుకొనుమని చెప్పి, పిమ్మటనే త్రాళ్లు లాగించెను. ఆ గుడ్డలు వెదకుటకు ఎంతసేపు పట్టెనో!

మీరును మోకు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరమునకు పిల్లలను పంపి, అప్పుడు లాగుడి.