కాలేజీ చందా ఎవరిని అడగాలి?



పాత్రపూర్ ప్రాంతపు తెలుగువారికి బరంపురంలోని ఖల్లికోట కాలేజీ పేరు కొత్త కాదు. 1856లో పాఠశాలగా మొదలై, 1878లో కాలేజీగా పెరిగిన ఆ సంస్థకు 1893లో ఖల్లికోట రాజా హరిహర మర్దరాజ్ లక్ష రూపాయలు దానం చేశారు. అందుచేత ఆయన సంస్థానం పేరే దానికి నిలిచింది.

నేడు ఏ విశ్వవిద్యాలయమైనా కోట్లలో నిధి సేకరించదలిస్తే, నిర్వాహకులు ముందుగా కొద్దిమంది ధనవంతులను కలిసి మాట తీసుకుంటారు. ఆ తరువాతే పదిమందిలో ప్రకటిస్తారు. ఇది తెలివైన పద్ధతే. అధిక భాగం సొమ్ము కొందరి నుండే వస్తుంది. అయితే ఇందులో రెండు ప్రమాదాలున్నాయి.

మొదటిది, దాత పేరుతోపాటు పెత్తనం కూడా కొనుక్కొనుట. గోడమీద పేరు వ్రాయవచ్చు. ఎవరికి సీటు ఇవ్వాలో, ఏ పాఠం చెప్పాలో దాత నిర్ణయించరాదు. ఈ మాట సొమ్ము పుచ్చుకొనకముందే చెప్పాలి. తరువాత చెప్పుటకు నోరు రాదు.

రెండవది, పేదవానిని అడుగకపోవుట. "పాపం, అతనేమివ్వగలడు?" అనుకొనుట జాలివలె కనిపించును గాని, ఈ కాలేజీలో నీకు వంతు లేదని చెప్పుటే అగును. రెండు కాసులు వేసిన విధవరాలిని కానుకపెట్టె దగ్గర ఎవరూ ఆపలేదు గదా! అయితే అడుగుట వేరు, బలవంతపెట్టుట వేరు.

కాబట్టి పది రూపాయలకూ పది లక్షలకూ ఒకే రసీదు, ఒకే లెక్క ఉండాలి. రాతిమీద పేరు కొందరిదే కావచ్చు. లెక్క అడిగే హక్కు మాత్రం అందరిదీ.