కాలిన రథం, కుట్టిన ఓడ

2020 సెప్టెంబరు 5 అర్ధరాత్రి దాటాక కోనసీమలోని అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం షెడ్డులోనే కాలి బూడిదైంది. దాదాపు అరవై ఏళ్లుగా మాఘమాసంలో జనం లాగుతూ వచ్చిన రథమది. 2021 ఫిబ్రవరి నాటికి కొత్తది తయారైంది. ఆ ఏడు భీష్మ ఏకాదశికి దాన్నే లాగారు. పాత కొయ్య ముక్క ఒక్కటి కూడా అందులో లేదు. అయినా తాడు పట్టుకున్న భక్తుడికి అది స్వామి రథమే. ఏ లెక్కన?

ఈ ప్రశ్న చాలా పాతది. గ్రీకు రాజు మిళిందుడు రథమెక్కి వచ్చానంటే, భిక్షువు నాగసేనుడు ఆయన్ను అక్కడే పట్టుకున్నాడు. నొగలు రథమా? ఇరుసు రథమా? చక్రాలు రథమా? అన్నిటికీ రాజు కాదనే అన్నాడు. మరి రథమెక్కడుంది? అది భాగాల కూర్పుకు పెట్టుకున్న పేరే తప్ప వేరే వస్తువు లేదని నాగసేనుడి తీర్పు. ఏథెన్సు వాళ్లు ఇదే ప్రశ్నను ఓడకు వేశారు. వీరుడు థీసియస్ ఎక్కిన ఓడను దాచిపెట్టి, పుచ్చిన పలకనల్లా తీసి కొత్తది వేస్తూ పోయారు. అది అదే ఓడ అవునా కాదా అని తత్వవేత్తలు వాదులాడుకునేవారని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. పదిహేడో శతాబ్దంలో ఆంగ్ల తత్వవేత్త హాబ్స్ మరో మెలిక పెట్టాడు: తీసేసిన పాత పలకలన్నీ ఎవరో పోగుచేసి ఇంకో ఓడ కడితే, రెండింట్లో అసలుది ఏది? అంతర్వేదిలో పాత కొయ్య బూడిదైంది కాబట్టి ఆ తగువు ఒక్కటి తప్పింది.

మన వైశేషిక దార్శనికుల మాట ఇంకా కటువు. ఒక్క భాగం పోయినా పాత వస్తువు నశించినట్టే, మిగిలింది కొత్త వస్తువే అంటారు వాళ్లు. అదే అనుకోవడం పోలిక వల్ల కలిగే భ్రమట. ఉపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకు చెప్పింది వేరు: కుండలు ఎన్నయినా పేరులోనే తేడా, సత్యం మన్నే. అంతర్వేదిలో ఇది తలకిందులైంది. మన్ను మారింది, కుండ మిగిలింది.

కోనసీమకు ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి రానక్కర్లేదు. అంతర్వేది గుడిని ఇప్పుడున్న రూపంలో కట్టించింది ఓడల వ్యాపారి కోపనాతి కృష్ణమ్మ అని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఓడలున్నచోట మరమ్మతు ఉంటుంది. గౌతమికి అవతలి ఒడ్డున కోరంగి ఒకప్పుడు చెక్క ఓడలకు పేరుమోసిన రేవు. 1839 నవంబరు ఉప్పెన దాన్ని తుడిచిపెట్టింది. ఆ పనితనం పక్కనున్న తాళ్లరేవులో నిలిచింది. చెక్క నావను ఒడ్డుకు లాగి చూస్తే, నీటి గీత దగ్గర పలకలో వేలు దిగేంత మెత్తదనం కనిపిస్తుంది. అంతమేర కోసి కొత్త పలక బిగించాలి. సందుల్లో దూది దట్టంగా దూర్చి, పైన గుగ్గిలం, నూనె కలిపి పూయాలి. ఇది ఒకసారితో తీరే పని కాదు. ఇరవై, ముప్పై ఏళ్లు తిరిగిన నావలో మొదటి పలకలు ఎన్ని మిగిలాయో దాని సరంగు కూడా చెప్పలేడు. నావ పేరు మాత్రం మారదు.

ఫైబరు బోటు దారి వేరు. అచ్చులో గాజు పీచు పరిచి రెసిన్ పోస్తే పొట్టంతా ఒకే ముక్కగా వస్తుంది. అదే అచ్చులోంచి రేపు దాని కవల వస్తుంది. దానికి పుచ్చు లేదు, పలక మార్చే పనీ లేదు. పగిలితే అతుకు వేస్తారు, పాడైతే పారేస్తారు. చెక్క నావ దగ్గర ప్రశ్న "ఇది నిన్నటిదేనా" అని. ఫైబరు బోటు దగ్గర ప్రశ్న "ఇది పక్కదానికంటే వేరా" అని.

మన నౌకాదళం తెరచాప పడవల్లో ఈ రెండు ప్రశ్నలూ ప్రాణం పోసుకున్నాయి. ఐఎన్ఎస్‌వీ మాదేయి, తారిణి ఒకే డచ్చి నమూనాతో గోవాలో కట్టినవి. రెండూ ఒక్కలా ఉంటాయి. కానీ అభిలాష్ టోమీ 2012–13లో ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టింది మాదేయిలో. విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య సహా ఆరుగురు మహిళా అధికారులు 2017–18లో 254 రోజుల్లో చుట్టొచ్చింది తారిణిలో. నమూనా ఒకటే, చరిత్రలు రెండు. కవలల్ని వేరు చేసింది పదార్థం కాదు, ప్రయాణం.

2025 మే 21న కార్వార్‌లో నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్‌వీ కౌండిన్య దీనికి పూర్తిగా ఎదురు. అజంతా గుహ గోడ మీది అయిదో శతాబ్దపు బొమ్మను చూసి, మేకు కొట్టకుండా, పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టి కట్టారు. ఇంజను లేదు. చతురస్రపు తెరచాపలు, పక్కన తెడ్డు చుక్కానులు. ఆ ఏడు డిసెంబరు 29న పోర్‌బందర్ వదిలి జనవరిలో మస్కట్ చేరింది.  మరి ఇది ప్రాచీన ఓడేనా? కొయ్య నిన్న మొన్నటిది. నమూనా కాగితం ఏదీ మిగల్లేదు కాబట్టి ఇంజినీర్లు కొలతలు ఊహించి, ఐఐటీ మద్రాసులో నమూనాతో పరీక్షించుకోవాల్సి వచ్చింది. పాతదని చెప్పుకోగలిగింది ఒక్కటే: పలకను పలకకు కుట్టే చేతి పని. అది కేరళ వడ్రంగి బాబు శంకరన్ బృందం దగ్గర బతికుంది.

అసలు కీలకం ఆ చేతి పనిలోనే ఉంది. నాగసేనుడు భాగాల్ని వెతికాడు, వైశేషికుడు కూర్పును వెతికాడు. మరమ్మతు చేసేవాణ్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పుచ్చిన పలక ఏదో గుర్తుపట్టే కన్ను, రేపూ లాగాలన్న మొక్కు ఉన్నంతవరకు రథం అదే, నావ అదే. అవి తెగితే మ్యూజియంలో ప్రతి పలకా అసలుదే అయినా ఆ నావ లేనట్టే. కొయ్య కంటే బాధ్యత గట్టి పదార్థం అనడంలో భక్తులకూ పడవవాళ్లకూ పేచీ ఉండదు.

పేచీ మరొకటి ఉంది. తాళ్లరేవు పనితనం చాలావరకు కాగితం మీద కాక వడ్రంగుల చేతుల్లోనే ఉంది. కౌండిన్యకు కనీసం అజంతా బొమ్మ దొరికింది, గోదావరి నావకు అదీ దొరక్కపోవచ్చు. అమలాపురం, కాకినాడ ఇంజినీరింగు పిల్లలు ఓ సెలవుల్లో టేపు, నోటు పుస్తకం పట్టుకుని అక్కడికి వెళ్లాలి. పని తెలిసిన పెద్దలు ఉండగానే నావ కొలతలు, పలక వంచే తీరు, వాళ్లు వాడే మాటలు రాసుకోవాలి.