కిరీటం గీసిన కర్ర

బ్రిటన్ మ్యూజియాల్లో భద్రపరచిన కొన్ని పాత పోలీసు కర్రలను చూస్తే అవి లాఠీలంటే నమ్మబుద్ధి కాదు. నున్నగా చెక్కిన గట్టి చెక్క, దాని మీద రంగు, రంగు మీద బంగారు వన్నె కిరీటం, కిరీటం కింద ఏలికల పేరు గుర్తు, ఒక్కోసారి ఊరి పేరు. కొన్నింటి మీద 1830 నుంచి 1837 దాకా ఏలిన నాలుగో విలియం గుర్తు, మరికొన్నింటి మీద విక్టోరియా రాణి గుర్తు. కొట్టడానికే అయితే ఇంత అలంకారం అక్కర్లేదు.

ఆ రోజుల్లో ఊరి కానిస్టేబుల్‌కు యూనిఫాం లేదు, సాధారణంగా జీతమూ లేదు. చెప్పులు కుట్టుకునేవాడో, రొట్టెలు కాల్చుకునేవాడో ఏడాదిపాటు ఆ బాధ్యత మోసేవాడు. నిన్నటిదాకా పక్కింటి మనిషి ఇవాళ "ఆగు" అంటే ఎందుకు ఆగాలి? కిరీటం కోసం ఆగాలి. ఆ బలం అతని భుజానిది కాదు; పైనుంచి వచ్చింది, గడువు తీరితే పోతుంది. మనసును అదుపు చేసే అధికారం బుద్ధికి దక్కిందీ ఇలాగే. అంతర్యామి ముద్ర లేకుండా అహంకారం ఎత్తేది ఒట్టి కర్ర.

నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసేది రంగు వేసిన చోటు. పిడి చాలావాటికి సాదాగానే ఉంటుంది. కిరీటం ఉండేది దెబ్బ తగిలే భాగం మీద. కొట్టిన ప్రతిసారీ పెచ్చు లేచేది రాజముద్రే! విభూతులు చెబుతూ, శిక్షించేవారి చేతి దండం తానేనన్నాడు గీతలో కృష్ణుడు. ఆయనే పదిహేడో అధ్యాయంలో, శాస్త్రం చెప్పని ఘోర తపస్సుతో దేహాన్ని కృశింపజేసేవారు లోపలున్న తననూ బాధిస్తున్నారన్నాడు. దండమూ ఆయనే, దెబ్బ తినేదీ ఆయనే. ఉపవాసాలతో ఒళ్లు మాడ్చుకుని, చేసిన తప్పుకు రాత్రంతా తనను తానే తిట్టుకునే సాధకుణ్ణి తలచుకుంటే నాకు జాలి వేస్తుంది. మనసును లొంగదీస్తున్నాననుకుంటూ, ఏ ముద్ర అండతో కర్ర పట్టాడో దాన్నే చెరుపుకుంటున్నాడు. ధర్మం తప్పిన రాజును దండమే బంధువులతో సహా నాశనం చేస్తుందని మనువు హెచ్చరించాడు. లోపలి రాజ్యానికీ ఆ మాట చెల్లుతుంది.

1848 ఏప్రిల్ 10న ఓటుహక్కు కోరుతూ చార్టిస్టులు లండన్‌లోని కెన్నింగ్టన్ మైదానంలో సభ పెట్టినప్పుడు, ప్రభుత్వం వేలాది పౌరులతో ప్రత్యేక కానిస్టేబుళ్లుగా ప్రమాణం చేయించింది. పెద్ద ఘర్షణ లేకుండానే రోజు గడిచింది. అడిగినవారి కోరిక న్యాయమైనదే. ఒంటి ఆకలిలో, కంటి నిద్రలో కూడా అలాంటి న్యాయం ఉంటుంది. బెత్తం పట్టే ముందు వినవలసిన మొర అది.

అంతకు ముందే, 1829లో రాబర్ట్ పీల్ నెలకొల్పిన లండన్ పోలీసులు నీలి యూనిఫాం వేసుకుని, కర్రను కోటు వెనుక జేబులో కనబడకుండా దాచుకున్నారు. దుస్తులే గుర్తయ్యాక పందొమ్మిదో శతాబ్దం చివరికి రంగులు వేయడమూ తగ్గిపోయింది. నా దృష్టిలో సాధన ముదిరే తీరు కూడా ఇదే. వాక్కు, మనసు, శరీరం, ఈ మూడింటి మీద నిగ్రహం బుద్ధిలో నిలిచినవాణ్ణి మనుస్మృతి పన్నెండో అధ్యాయం త్రిదండి అంటుంది. త్రిదండి సన్యాసులు పట్టే మూడు వెదురు కర్రలు అతని చేతిలో ఉన్నాయా లేవా అని ఆ శ్లోకం అడగదు.