పైపు పగిలింది పై ఇంట్లో, తడిసింది కింది ఇంట్లో

ఈ వారం వీడియోలో సత్యనారాయణ వ్రత కథలోని వర్తకుడి గురించి చెప్పుకున్నాం కదా. నావలో ఏముందని అడిగితే, ధనం దాచిపెట్టి ఆకులూ అలములూ అన్నాడే, ఆయన. ఆ కథ చెబుతుంటే నా సొంత సంగతి ఒకటి గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. కెమెరా ముందు చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నాను.

రెండేళ్ల క్రితం మాఘమాసంలో ఇంటిల్లిపాదీ అన్నవరం వెళ్లాం. వ్రతం చేసుకుని కొండ దిగుతుంటే మా వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "సార్, మీ తలుపు కింద నుంచి నీళ్లొస్తున్నాయి." మాది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాటు. గీజర్ కనెక్షన్ పైపు పగిలింది. వాచ్‌మన్ మేడ మీదికెళ్లి వాల్వు కట్టేసేసరికి మా ఇల్లూ, సరిగ్గా మా కింద ఉండే పిన్నిగారి ఇల్లూ తడిసిపోయాయి.

ఆవిడకి డెబ్బై దాటాయి. ఒక్కరే ఉంటారు. ఫోన్ చేసి నేనన్న మొదటి మాట ఇది: "కంగారు పడకండి పిన్నిగారూ, మాకు ఇన్సూరెన్స్ ఉంది." ధైర్యం చెప్పాననే అనుకున్నాను.

ఇంటికొచ్చాక పాలసీ తీసి చదివాను. ఐఆర్‌డీఏఐ నిర్దేశించగా 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన 'భారత్ గృహ రక్ష' పాలసీ అది. నిప్పు, తుఫాను, వరదలతో పాటు నీళ్ల ట్యాంకులు, పైపులు పగిలి పొర్లడం కూడా అందులో ఉంది. అయితే అదంతా నా గోడలకీ, నా సామానుకీ. కింది ఇంటికి కాదు. మన వల్ల ఇతరులకు జరిగే నష్టానికి వేరే బీమా ఉంటుంది, అది నేను తీసుకోలేదు. పిన్నిగారికి అసలు ఏ పాలసీ లేదు. అంటే నేను ఫోన్‌లో చెప్పిన ధైర్యం నాకు నేను చెప్పుకున్నదే.

క్లెయిమ్ ఫారంలో 'నష్టానికి కారణం' అని ఒక గడి ఉంది. తెలిసినాయన ఒకరు సలహా ఇచ్చారు. "పైపు ఉన్నట్టుండి పగిలిందని రాయండి, అంతే. కింది వాళ్ల దగ్గర తప్పు మాదే అని నోరు జారకండి." ఉన్నట్టుండి పగిలిన మాట అబద్ధం కాదు. కానీ ఆరు నెలల ముందే ప్లంబర్ "సార్, ఈ పైపు తుప్పు పట్టింది, మార్పించండి" అన్నాడు. కొన్ని వందల రూపాయల పని. "పండగ వెళ్లాక చూద్దాం" అన్నది నేను. పెన్ను పట్టుకుని కూర్చుంటే, ఎదురుగా బల్ల మీద అన్నవరం ప్రసాదం ఆకు పొట్లంలోనే ఉంది. ఆకులూ అలములూ గుర్తొచ్చాయి.

ప్లంబర్ చెప్పిన మాట కూడా రాసి ఇచ్చాను. గొప్ప కోసం చెప్పడం లేదు, రాయడానికి రెండు రోజులు పట్టింది.

నీళ్ల విషయంలో పెద్దలు మొదటి నుంచీ గట్టిగానే ఉన్నారు. కౌటిల్యుడి అర్థశాస్త్రం మూడో అధికరణంలో ఇంటి నీళ్లు సరిగ్గా కాలువలోకి పోయేలా వాలు కట్టాలని నియమం ఉంది, తప్పితే 54 పణాల జరిమానా. 1868లో ఇంగ్లండులో రైలాండ్స్, ఫ్లెచర్ కేసు జరిగింది. ఒకాయన తన స్థలంలో చెరువు కట్టించుకుంటే నీళ్లు పక్కాయన బొగ్గు గనిలోకి పోయాయి. తప్పితే హాని చేసేదాన్ని తెచ్చి నిలవ పెట్టుకున్నవాడు, తన అజాగ్రత్త లేకపోయినా జవాబు చెప్పాల్సిందే అన్నారు. నాకైతే అజాగ్రత్త కూడా ఉంది.

మరి బీమా కట్టాక బాధ్యత తీరినట్టు కాదా? నేనూ అలాగే అనుకున్నాను. బీమా మంచిదే. ఒకరి కష్టాన్ని పదిమంది పంచుకోవడం ధర్మమే. కానీ అది పంచుకునేది డబ్బు బరువునే. తప్పెవరిదన్న సంగతి బీమా కంపెనీ కూడా మరిచిపోదు. పిన్నిగారికే పాలసీ ఉంటే, కంపెనీ ఆవిడకి నష్టం చెల్లించి, ఆ డబ్బు రాబట్టుకోవడానికి నా మీదికి రావచ్చు. చట్టం ఆ హక్కు ఇస్తుంది.

మూడో రోజు గానీ కిందికి వెళ్లలేదు. సిగ్గుచేటు మాట, కానీ నిజం. సీలింగు పెచ్చులూడింది, రంగులు పోయాయి. అవి కాదు. అటక మీద బాబాయిగారు ఇరవై ఏళ్లు రాసిన రామకోటి పుస్తకాలు ఉన్నాయి. సిరా కారి పేజీకి పేజీ అంటుకుపోయింది. ఆవిడ ఫ్యాను కింద న్యూస్‌పేపర్లు పరిచి ఒక్కో పేజీ విడదీస్తున్నారు. నా పాలసీలో, విడిగా ఒప్పుకుంటే తప్ప చేతిరాత ప్రతులు వర్తించవని రాసి ఉంది. వాటికి వెల ఎవరు కడతారు?

నేనూ కింద కూర్చుని పేజీలు విడదీశాను. చాలాసేపటికి ఆవిడ అన్నారు: "ఇన్సూరెన్సు సంగతి నాకు తెలీదు నాయనా. నీళ్లు ఎవరింట్లోంచైనా వస్తాయి. నువ్వు ఊరి నుంచి వచ్చి కూడా కిందికి రాలేదు చూడు, అదొక్కటే మనసులో పడింది."

కోతలు పోను కంపెనీ కొంత ఇచ్చింది. దానికి నా డబ్బు కలిపి పిన్నిగారి సీలింగు, రంగులు ముందు చేయించాను. మా ఇల్లు తర్వాత. ఆ పుస్తకాలకు మాత్రం నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

మీరు ఊరెళ్లేటప్పుడు వాల్వు కట్టి వెళ్లండి. మీ పాలసీ కింది ఇంటికి వర్తిస్తుందో లేదో ఇవాళే చూసుకోండి. ఒకవేళ నీళ్లు దిగితే, కాగితాలు వెతకడానికి ముందు మెట్లు దిగండి.

స్వస్తి.