పెద్దవారి కంచములో ఉప్పు

రక్తపోటు ఉన్న అత్తగారికో మామగారికో ఉప్పు తగ్గించుమని డాక్టరు చెప్పినప్పుడు మన ఇండ్లలో సాధారణముగా జరుగునదేమి? ఆవకాయ జాడీ అటక ఎక్కును. కూరలో ఉప్పు వారికి చెప్పకుండ తగ్గిపోవును. “అమ్మాయీ, కూర చప్పగా ఉన్నదే” అని అడిగినచో “మీ నోటికి రుచి తెలియుట లేదు మామయ్యా” అని కోడలు అనును. ప్రేమతో అన్నమాటే. అయినను అది న్యాయమా?

కాదని నా అభిప్రాయము. ఉప్పు మానుటకంటె తన నాలుకను తాను నమ్మలేకపోవుట పెద్దవారికి ఎక్కువ బాధ. యేండ్ల తరబడి ఇంటిని నడిపిన మనిషి తన కంచములో ఏమున్నదో తెలిసికొనుటకు అర్హుడు కాడా? పైగా మనము దాచినకొలది ఆయనయు దాచును. పొరుగింట ఊరగాయ ముక్క అడుగును, మజ్జిగలో చాటుగా చిటికెడు ఉప్పు కలుపుకొనును. ఇక లెక్క ఎవరికిని తెలియదు. (జ్ఞాపకశక్తి బొత్తిగా పోయినవారి సంగతి వేరు, అక్కడ నేను వాదించను.)

తెలియకుండ కొద్దికొద్దిగా తగ్గించిననే నాలుక అలవాటు పడునని కొందరందురు. కొన్ని వారములలో అలవాటు పడుట నిజమే. చెప్పి తగ్గించినను అదే నాలుక గదా!

రోజుకు ఉప్పు 5 గ్రాములకు లోపే ఉండవలెనని, అనగా ఒక టీస్పూను కంటె తక్కువని, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కొన్న అప్పడములలో, బిస్కట్లలో ఉన్న ఉప్పుకూడ ఈ లెక్కలోనిదే. డాక్టరు చెప్పిన కొలతను ఉదయమే చిన్న గిన్నెలో పోసి పెద్దవారి చేతికే ఇయ్యుడి. ఉప్పు లేకుండ వండిన కూరమీద వడ్డించిన తరువాత చల్లుకొనినయెడల కొంచెమైనను నాలుకకు బాగుగా తగులును. మిగిలిన రుచి వండువారి పని. పులుసు కాస్త చిక్కగా, తాలింపులో వెల్లుల్లి, జీలకర్ర, ఇంగువ ధారాళముగా, పప్పు దించిన తరువాత నిమ్మరసము, మిరియాల చారు, వేయించిన నువ్వుల పొడి. వంకాయను నిప్పుమీద కాల్చి పచ్చడి చేసినచో ఆ కాలిన వాసనయే సగము రుచి. ఇంటిల్లిపాదియు ఆ కూరనే తినవలెను. వేరు గిన్నె పెట్టినచో మనిషినే వేరు పెట్టినట్లుండును. తక్కువ సోడియం ఉప్పు అంగళ్లలో దొరకును గాని, అందులో పొటాషియం క్లోరైడు ఉండును గనుక మూత్రపిండముల జబ్బున్నవారు డాక్టరును అడుగకుండ వాడరాదు.

ఇక ఆవకాయ. బరంపురములోనైనను షోలాపూరులోనైనను స్థిరపడి తరములు గడచిన మనకు వేసవిలో జాడీ నిండనిదే తోచదు. అందులో కారము, ఆవపిండి, ఉప్పు ఇంచుమించు సమముగా పడును. ఆ సంగతి పెద్దాయనకు చెప్పి, జాడీని అటకమీదినుండి దించుడి. ఆ పూట గిన్నెలో ఉప్పు ముట్టక చిన్న ముక్క తిందునని ఆయన అనవచ్చును, లేదా జాడీని మనుమలకే ఇమ్మనవచ్చును.